తొమ్మిది పేర్ల కాగితం

అంతయ్య ఎడ్లను లింగమూర్తి బందెలదొడ్లో పెట్టిస్తే అంతయ్య ఓర్చుకున్నాడు. సొసైటీ అప్పుకు అడ్డం పడితే ఓర్చుకున్నాడు. నిరుడు అంగట్లో నలుగురి ముందు ‘మూడో తరగతి లీడరు’ అని నవ్వితే అదీ దిగమింగాడు. కాని నిన్న, ఇంట్లో మగమనిషి లేని పూట చూసి వచ్చి, చాప మీద కూర్చుని, చెంబెడు చల్ల తాగి, భార్య దేవవ్వ బొటనవేలు తన కాగితం మీద ఒత్తించుకుని పోవడం మాత్రం ఎంతకీ మింగుడు పడలేదు.

నిన్న మాపటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి రాజుకుంది గాని మాట రాజుకోలేదు.

బొమ్మెనపల్లి పంచాయతీకి తొమ్మిది జాగాలు. తొమ్మిదింటికీ తొమ్మిది పేర్లే పడితే ఓట్ల పెట్టెతో పని లేదు, ఊరు ఏకగ్రీవం. పేర్లిచ్చే గడువు ఇవాళ మూడు గంటలకు, బడిలో. లింగమూర్తి రాసుకున్న కాగితంలో ఎనిమిది పేర్లు, తనదీ కలిపి, దొర గడీ గోడల నీడన బతికేవాళ్లవి. తొమ్మిదోది, ఆడవాళ్లకని పెట్టిన జాగాలోది, అంతయ్య భార్య దేవవ్వది.

పంచాయతీకి పార్టీలు లేవని సర్కారు కాగితం మీద ఉంది. లింగమూర్తి ఒకప్పుడు దొర దగ్గర గుమస్తా, ఇప్పుడు సర్కారు పార్టీకి ఈ చుట్టుపక్కల పెద్ద. ఆ సంగతి ఏ కాగితం మీదా లేదు, అందరికీ తెలుసు. ఆ పార్టీని పన్నెండేళ్లుగా ప్రతి మంగళవారం అంగట్లో నిలబడి తిట్టే మనిషి ఎవడంటే అంతయ్య. అదీ అందరికీ తెలుసు.

దేవవ్వ జొన్నగటుక గిన్నెను బట్టలో మూటగడుతోంది. నాట్లకు పోయే వేళయింది. అంతయ్య గడపలో అడ్డంగా నిలబడ్డాడు.

“ఎవల్నడిగి ఏలు పెట్టినవ్?”

“ఏలు నాదే గద.”

“ఏలు నీదే. ఇజ్జత్ నాది.”

“అట్లనా. మరి నిన్న నీ ఇజ్జత్ జగిత్యాలల మీటింగుకు పోయింది. ఇంట్ల నా ఏలొక్కటే ఉండె.”

మూలన మంచం మీదున్న అంతయ్య తల్లి ఐలవ్వ కిసుక్కున నవ్వింది. పళ్లు ఊడినా నవ్వు ఊడలేదు ముసలిదానికి.

“నువ్వు నవ్వకే అవ్వా. గిది నవ్వే ముచ్చట గాదు.”

“నేనెందుకు నవ్వుత కొడుకా. దగ్గొచ్చింది.”

అంతయ్య పెళ్లాం వైపు తిరిగాడు. “గా లింగమూర్తి మాట నమ్మినవా నువ్వు?”

“మాట నమ్మలే. కాయితం సూపిచ్చిండు. గా భూమి అంతయ్యదే, నాకేం అడ్డం లేదని దొర రాసిచ్చిండు. కింద దస్కత్ ఉంది. తారీకు ఒక్కటే ఖాళీ. ఇయ్యాల మూడు దాటినంక తారీకేసి ఇస్తమన్నరు.”

“దొంగ దస్కత్ కావచ్చు.”

“కుట్టుమిషను నజీరన్నతోని సదివిపిచ్చిన. అసలుదే అన్నడు.”

ఆ తరిపొలం, నీళ్లు పారే భూమి, అంతయ్య తండ్రి బుచ్చిరాములు నలభై ఏళ్లు కౌలుకు దున్నింది. కౌలు చట్టం వచ్చిన ఏడు, దున్నేవాడిదే హక్కని రాసిన పత్రం కూడా చేతికొచ్చింది. ఆ మరుసటేడే, నాకా భూమి వద్దని బుచ్చిరాములే రాసిచ్చినట్టు ఒక కాగితం గడీలోంచి బయటికొచ్చింది. బుచ్చిరాములు దాన్ని చూడకుండానే చచ్చిపోయాడు. అప్పటినుంచి కచేరీలో తగాదా నడుస్తూనే ఉంది, పొలంలో అంతయ్య అరక నడుస్తూనే ఉంది. కాని ఇక నడవదు. దొర వైపు తీర్పు ఖాయమని వకీలే చెప్పేశాడు. మిగిలింది ఆ ఖాళీ తారీకు ఒక్కటే.

“గది ఏం పార్టీయో ఎరికేనా నీకు?” అన్నాడు అంతయ్య, గొంతు తగ్గించి. తగ్గినా అది అంగడి గొంతే. “పోలీసు యాక్షను ముందు రోజుదాక గా గడీ మీద నిజాం జెండా. తెల్లారి టోపీ మారింది, గడీ మారలే. భూమి చట్టం జేసింది వాళ్లే. దాని సిరా ఆరకముందే రైతుల తోటి మాకొద్దని రాయించుకున్నది వాళ్లే. ఉన్నోనికి ఉన్నది కదలొద్దు, లేనోడు లేవొద్దు. గంతే వాళ్ల సిద్ధాంతం. గిప్పుడు ఏకగ్రీవమట. ఏకగ్రీవమంటె ఏంది? ఊరి నోరు ఒక్కటే దారం బెట్టి కుట్టుడు.”

దేవవ్వ మూట ముడి బిగించింది.

“మంచిగ చెప్పినవ్. గీ మాట నేను పన్నెండేండ్ల సంది ఇంటున్న. పోయిన మంగళారం అంగట్ల ఎంతమంది ఇన్నరు?”

“ఎంతమందో ఇన్నరు.”

“ఆరుగురు. అండ్ల ఒకడు బీడీకి అగ్గి అడగనీకి ఒచ్చినోడు.”

ఐలవ్వకు మళ్లీ దగ్గొచ్చింది.

“నేను గూడ ఇయ్యాల నామినేషనేస్త,” అన్నాడు అంతయ్య. “నా పేరొక్కటి పడ్డా పదైతయ్. వాని ఏకగ్రీవం బంగపడుతది.”

“ఎయ్యి. ఎవలద్దన్నరు.” దేవవ్వ మూట నెత్తిన పెట్టుకుంది. “నీ పేరు పడ్డ గడియల్నే భూమి వాయె. నారు పోసుకున్నం గద, మొలకెత్తి జానెడైంది. అది గూడ గడీకే అప్పజెప్పు.”

ఆమె పక్కనుంచి దిగి పోయింది. అంతయ్య గడపలోనే ఉండిపోయాడు, అడ్డుకోవడానికి ఎవరూ లేకపోయినా.

* * *

బడికి ఎదురుగా నజీరుద్దీన్ కుట్టుమిషను. మధ్యాహ్నం దాటింది. అంతయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లోపలి జేబులో నింపిన నామినేషన్ కాగితం ఉంది.

“పొద్దటి సంది మూడు సార్లు బడిదాక పోయినవ్, మూడు సార్లు మర్రొచ్చినవ్,” అన్నాడు నజీరుద్దీన్ మిషను ఆపకుండా. “కాగితానికి చెమట పట్టింది అంతయ్య భాయ్. అక్షరాలు కరిగితె మల్ల నేనే రాయాలె.”

“ఆలోచన చేస్తున్న.”

“చెయ్యి. ఆలోచనకు గడువు లేదు. నామినేషనుకే ఉంది.”

“నువ్వెందుకు ఎయ్యవు మరి?”

“నేను ఈ ఊరి ఓటర్ల లిస్టుల లేను. రెండు సార్లు దరఖాస్తు పెట్టిన. రెండు సార్లూ నా పేరు ఎలుక తిన్నది.” దారం పళ్లతో కొరికాడు. “ఈ ఊరి ఎలుక గూడ సర్కారు పార్టీయే.”

అంతయ్యకు నవ్వు రాలేదు. పన్నెండేళ్లు ఆ పార్టీని తిట్టి తిట్టి, చేతిలో ఒక్క కాగితంతో దాన్ని ఆపే రోజు వచ్చేసరికి కాళ్లు ఎందుకు కదలడం లేదో అతనికి బాగా తెలుసు. పచ్చగా జానెడెత్తు లేచిన నారు కళ్ల ముందు కదులుతోంది. ఎదుటివాణ్ణి భూమి పిచ్చోడని తిట్టడం సుళువు. ఆ పిచ్చి తనకూ అంతే ఉందని ఈ బల్ల మీద కూర్చుంటే గాని తెలియలేదు.

అప్పుడే లింగమూర్తి అటు వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, చంకలో గొడుగు. పొలం వైపు నుంచి వస్తున్నాడు కాబోలు, చెప్పులకు బురద.

“అంతన్నా, మంచిగున్నవా?”

“నా నోరు మూయనీకి నా పెండ్లాం ఏలు పట్టుకుంటివా లింగమూర్తీ?”

లింగమూర్తి ఆగాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం కూడా లేదు, అదే అంతయ్యకు గుచ్చుకుంది.

“నీ నోరా? నీ నోరెవడు మూస్తడే. నువ్వు మాట్లాడాలె. తాలూకా మీటింగుల గూడ చెప్పిన, మా ఊళ్లె ప్రతిపక్షం మంచిగ నడుస్తాందని. నువ్వు మాట్లాడుతుంటె మాకు గూడ పేరే.”

“మరి?”

“నాకు బుగులు దేవవ్వ పాటతోని.” బల్ల అంచున కూర్చున్నాడు, సొంత మనిషితో మాట్లాడినట్టు. “పోయిన ఓట్లప్పుడు బాయి రాళ్ల మీద కట్టింది సూడు పాట. ఒక్క నాటు కాలంల ఏడూర్లు తిరిగింది. నాటు కూలీలు ఈ పొలంల నేర్సుకుంటరు, రేపు ఇంకో ఊరి పొలంల పాడుతరు. జీపెక్కి మైకు పెట్టి నేను పది రోజులు తిరిగినా అంత దూరం పోలే. రెండేండ్లల్ల మల్ల పెద్ద ఓట్లున్నయ్. అందుకని పొద్దుగాల ఒడ్డు మీద నిలబడి ఒక్క మాట చెప్పిన. దేవవ్వా, మెంబరమ్మవు అయితున్నవ్, ఇంక పార్టీ మీద పాట ఎత్తుడు మంచిగుండదు, అన్న.”

“అదేమన్నది?”

“ఏమంటది. తల ఊపింది. తెలివిగల్ల మనిషి.”

లేచి, గొడుగు సర్దుకుని, బడివైపు పోయాడు.

కోపం రావలసిన చోట అంతయ్యకు సిగ్గొచ్చింది. ఇన్నేళ్లూ సర్కారు పార్టీ తనను చూసి భయపడుతోందనుకుని బతికాడు. ఆ భయం తన ఇంట్లోనే, తన పక్కనే, వేరే మనిషిని చూసి.

“నీకెరికేనా నజీరూ గిది?”

నజీరుద్దీన్ మిషను ఆపాడు.

“ఊరందరికెరికే భాయ్. నీకొక్కనికే ఎవలు చెప్పలే. బాధపడ్తవని.”

అంతయ్య లేచి పొలం వైపు నడిచాడు. ఎందుకు పోతున్నాడో అడిగితే చెప్పలేకపోయేవాడు.

* * *

గడీ తరిలో నాటు పడుతోంది. నలభై మంది ఆడవాళ్లు, మోకాళ్ల దాకా బురద.

ఆ ప్రాంతంలో నాటుకు ఒక పద్ధతి ఉంది. పాట ఎత్తే మనిషి కుడి కొసన నిలబడుతుంది. పొద్దున మొదటి పిడికెడు నారు కళ్లకద్దుకుని పాట ఎత్తితేనే మిగతా చేతులు దిగుతాయి. పాట నడకను బట్టే చేతుల నడక. పాట ఆగితే వరస వంకర పోతుంది, ముసలివాళ్లు వెనకబడతారు, నడుము నొప్పి గుర్తుకొస్తుంది.

ఇవాళ పొద్దున దేవవ్వ నారు కళ్లకద్దుకుంది, పాట ఎత్తకుండానే వంగింది. ఇప్పటిదాకా ఎత్తలేదు.

అంతయ్య ఒడ్డు మీదికి వచ్చేసరికి వరస పాము నడిచినట్టుంది.

“మెంబరమ్మకు గొంతు పట్టింది కావచ్చు,” అంటోంది చంద్రవ్వ. దేవవ్వ ఈడుదే, నోరు మాత్రం ఇంకొంచెం పెద్దది. “మిరియాల కషాయం తాగు దేవక్కా. సర్కారు దవాఖాన నుంచి తెప్పిస్తరు నీకు.”

నలుగురు నవ్వారు. దేవవ్వ ఇంకో పిడికెడు నాటింది.

చంద్రవ్వే ఒక చరణం ఎత్తి చూసింది. రెండు గొంతులు కలిశాయి. మూడోది కలవకముందే పాట బురదలో దిగబడిపోయింది. మళ్లీ నీళ్ల చప్పుడొక్కటే.

అంతలో లింగమూర్తి తిరిగొచ్చాడు. బడిలో పని ఇంకా కాలేదు, ఎనిమిది మందీ పోగు కావాలి. దేవవ్వను కూడా వెంటబెట్టుకుపోవాలి. గొడుగు విప్పి ఒడ్డున నిలబడి, చప్పుడు లేని ఆ పొలాన్ని కళ్లారా చూశాడు.

“గిట్ల నిమ్మలంగ నాటుకుంటె ఎంత మంచిగుంది,” అన్నాడు. “నడువు దేవవ్వా, టైమైతుంది. కాళ్లు కడుక్కో.”

దేవవ్వ నడుము ఎత్తింది. ఒడ్డున మొగుడున్నాడని చూసింది. లింగమూర్తి వైపు తిరిగింది.

“పటేలా, ఒక మాట అడుగుత. నా నోటికి మా భూమి ఇస్తున్నవ్.”

“నేనిచ్చుడేంది, నీ హక్కు నీకొస్తాంది.”

“అట్లనే అనుకుందాం. మరి గీ నలభై నోర్లకు ఏమిస్తున్నవ్?”

లింగమూర్తికి ప్రశ్న అర్థం కాలేదు. నిజాయితీగానే జవాబు చెప్పాడు, అదే అతని తప్పు.

“వాళ్లకేమియ్యాలె? వాళ్ల నోర్లు నీ యెనకనే గద. నువ్వు మూస్తె ఉత్తగనే మూసుకుంటయ్.”

పొలంలో చేతులన్నీ ఆగాయి. చంద్రవ్వ చేతిలోని నారు కట్ట నీళ్లలో జారింది.

అంతయ్య దేవవ్వ మొహం చూస్తున్నాడు. భూమి కోసం ఆ మొహం ఎంత ఆశపడిందో అతనికి తెలుసు. నిన్న మాపటి నుంచి ఆమె నిద్రపోలేదనీ తెలుసు. ఇప్పుడా మొహంలో లెక్క వేస్తున్నట్టు ఏమీ లేదు. ఏదో బరువు కిందపెట్టే మనిషిలా నోరు తెరిచింది.

‘బాయి తవ్వుతమంటిరి ఉయ్యాలో
బండ్ల రాళ్లు తెస్తిరి ఉయ్యాలో
ఓట్లు వడ్డ తెల్లారి ఉయ్యాలో
రాళ్లు మల్లెత్తుకపోతిరి ఉయ్యాలో’

నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. నడుములు మళ్లీ వంగాయి. చేతులు దిగాయి. వరస తాడు కట్టినట్టు సర్దుకుంది.

‘భూమి నీదే అంటిరి ఉయ్యాలో
నోరు మాకియ్యంటిరి ఉయ్యాలో’

ఇది కొత్త చరణం. ఇంతకుముందు ఎవరూ వినలేదు. రెండోసారి వచ్చేసరికి అందరికీ వచ్చేసింది.

లింగమూర్తి గొడుగు ముడుచుకున్నాడు.

* * *

బడిలో గోడ గడియారం రెండూ నలభై. ఎన్నికల అధికారి, పట్నం నుంచి వచ్చిన సన్నటి మనిషి, బల్ల ముందు కునుకుతున్నాడు. దేవవ్వ బురద కాళ్లతోనే లోపలికి వచ్చింది. వెనక అంతయ్య, నజీరుద్దీన్. గుమ్మంలో లింగమూర్తి, అతని చేతిలో కాగితాల కట్ట.

“నా ఏలుముద్ర కాయితం నాకియ్యి పటేలా.”

“దేవవ్వా, ఆగం గాకు.”

“మనిషి వద్దంటే ఆ కాగితం చెల్లదండి,” అన్నాడు అధికారి, కళ్లు నులుముకుంటూ.

లింగమూర్తి కట్టలోంచి కాగితం తీసిచ్చాడు. దేవవ్వ దాన్ని నాలుగు మడతలు పెట్టి నడుములో దోపుకుంది.

“ఇంకో కాయితం కావాలె సారూ. ఆడోళ్ల జాగ వద్దు. గీయన నిలబడ్డ జాగల్నే నా పేరు రాయండ్రి.”

నజీరుద్దీన్ అప్పటికే పెన్ను సిరాలో ముంచాడు. పేరు, మొగుడి పేరు, ఈడు. దేవవ్వ వేలు ఒత్తింది.

“ప్రతిపాదించేవాళ్లు ఎవరు? ఇక్కడ ఒకరు సంతకం పెట్టాలి,” అన్నాడు అధికారి.

దేవవ్వ మొగుడి వైపు చూసింది.

“ఇప్పుడు దస్కత్ నీది,” అంది మెల్లగా. “భూమి నీ బాపు దున్నింది. నువ్వు పెట్టకుంటె ఇంటికి పోదాం. ఎన్నడు ఒక్క మాట అన.”

లింగమూర్తి ఒక అడుగు ముందుకేశాడు. “అంతన్నా. తారీకు నేనిప్పుడె ఏస్త. ఇక్కడ్నే. నీ కండ్ల ముందట. పెద్దమనిషివి, ఆడిమనిషి పాటకు ఆగం గాకు.”

అంతయ్యకు నారు గుర్తొచ్చింది. ఆ పొలంలోనే నాగలి మీద వంగి నడిచిన తండ్రి గుర్తొచ్చాడు. అంగట్లో బీడీకి అగ్గి అడిగిన మనిషి కూడా గుర్తొచ్చాడు, ఎందుకో.

“నజీరూ, పెన్నియ్యి,” అన్నాడు.

మూడో తరగతి దాకా నేర్చిన అక్షరాలు. వంకర టింకరగా, నెమ్మదిగా, ఒక్కటీ వదలకుండా రాశాడు.

లింగమూర్తి బయటికి నడిచాడు. “పొద్దుగూకక ముందే అంతయ్య తరిల అరకలు దించుండ్రి,” అని గడీ జీతగాడికి కేకేసి చెప్పడం లోపలికి వినిపించింది. దేవవ్వ కళ్లు ఒకసారి మూసుకుని తెరిచింది. అంతే.

గుమ్మంలో మళ్లీ నీడ పడింది. చంద్రవ్వ. మోచేతుల దాకా బురద. వెనక ఇంకా ఎవరెవరో ఆడవాళ్లు, కిటికీ ఊచల్లోంచి తొంగి చూస్తున్నారు.

“సారూ, మా దేవక్క ఇడిసిపెట్టినంక ఆడోళ్ల జాగ ఖాళీ అయింది గద,” అంది. “ఇంకో కాయితముందా?”

అధికారి గడియారం చూశాడు. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. సొరుగు లాగాడు.

అంతయ్య పెన్ను ఇంకా వదల్లేదు. పన్నెండేళ్లలో మొదటిసారి, పంచాయతీకని ఊళ్లో ఓట్ల పెట్టె దిగబోతోంది. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే ఆ ఊరికి కొత్త. ఆ ఒక్క దస్కత్ కింద అతను పోగొట్టుకున్నది మాత్రం గుంట తేడా లేకుండా తెలుసు. సర్వే నెంబరు నూట పద్దెనిమిది, తరి, మూడెకరాల పదకొండు గుంటలు.